పసిబిడ్డ ఏడ్పు - పెద్దల ఓర్పు

మంజీరా నదికి అడ్డుకట్ట వేసి నిజాంసాగరమును నిర్మించిన కథ ఈ జిల్లావారికి క్రొత్త కాదు. 1923 లో ఆరంభమై 1931 లో ముగిసిన ఆ కట్టడము వలన బోధను పరిసరములు చెఱకు తోటలతో పచ్చబడెను. 1937 లో నెలకొల్పబడిన నిజాం చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఆసియా ఖండములోకెల్ల పెద్దదని పేరు పొందెను. 2015 డిసెంబరులో అది మూతబడెను. వీటన్నిటికి దస్తావేజులు కలవు, లెక్కలు కలవు. కాని ఆ తోటల నడుమ గుడిసెలలో, శక్కర్‌నగరు క్వార్టర్లలో, ఇందూరని పూర్వనామము గల నిజామాబాదు వాడలలో తరతరములుగా వినవచ్చుచున్న పసిబిడ్డల ఏడ్పుకు చరిత్ర వ్రాసినవారు లేరు.

ఏడ్పుకు చరిత్ర యేమిటని పాఠకులు నవ్వవచ్చును. ఆ ఏడ్పును విని విని ఓర్వలేక పెద్దలు చేసిన ఒక పనికి మాత్రము చరిత్ర కలదు. ఆ పని, పసికందును చంకల క్రింద గాని భుజముల వద్ద గాని పట్టుకొని బలముగా కుదుపుట. ఒక క్షణపు కోపములో, అయిదారు లిప్తల కాలములో జరిగిపోవు ఈ పని బిడ్డ మెదడును గాయపరచును. దీనికి ఆంగ్ల వైద్యులు 'షేకెన్ బేబీ సిండ్రోమ్' అని పేరిడిరి. మనము కుదుపుడు గాయమని చెప్పుకొనవచ్చును. ఈ గాయమును మానవుడు గుర్తించుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఎందుకంత కాలము పట్టెనో తెలిసికొన్నచో, దానిని నివారించు మార్గము కూడ మనకు గోచరించును.

పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఐరోపా వైద్యులు కొందరు శిశువుల మెదడు పైపొరల క్రింద గడ్డకట్టిన నెత్తురును చూచుచుండిరి. జర్మనీ దేశపు మహావైద్యుడు రుడాల్ఫ్ విర్కో దానిని పొరల వాపు వలన పుట్టిన వ్యాధిగా వర్ణించెను. ఆయన మాటకు ఆనాడు తిరుగు లేదు. కాని 1860 లో ప్యారిస్ నగరమున న్యాయవైద్య నిపుణుడైన ఆంబ్రువాజ్ తార్ద్యూ వేరొక మాట చెప్పెను. పెద్దల చేతులలో హింసకు గురియైన 32 మంది పిల్లల వృత్తాంతములను ఆయన ప్రకటించెను. వారిలో 18 మంది మరణించిరి. కొందరి మెదడుపై అదే నెత్తుటి గడ్డ కనబడెను. బిడ్డకు ఇల్లే ప్రమాదస్థలము కావచ్చునన్న ఆ మాట వినుటకు ఆనాటి లోకము సిద్ధముగా లేకుండెను. తార్ద్యూ గ్రంథము అల్మారాలలో పడియుండెను.

పిమ్మట 1895 లో రాంట్‌జెన్ ఎక్సురే కిరణములను కనిపెట్టెను. చర్మము వెనుక దాగిన ఎముక మాట్లాడ నేర్చినది. న్యూయార్కు శిశువైద్యశాలలో ఎక్సురే పటములను పరిశీలించుచుండిన జాన్ క్యాఫీ 1946 లో ఆరుగురు శిశువుల వృత్తాంతమును వెలువరించెను. ఆరుగురికిని మెదడు పైపొర క్రింద నెత్తురు చేరియుండెను. ఆరుగురి కాలుసేతుల పొడవైన ఎముకలలో మొత్తము 23 విరుగుళ్ళు కనబడెను. ఈ రెంటికి మూలమేమో క్యాఫీ ఆనాడు నిశ్చయించి చెప్పలేదు. 1962 లో హెన్రీ కెంప్ అను వైద్యుడును ఆయన సహచరులును 'దెబ్బలు తిన్న బిడ్డ' యను భావమును వైద్యలోకము ముందుంచిన తరువాత గాని, ఇంటిలోపలి హింసను గూర్చి వైద్యులు బహిరంగముగా మాట్లాడుటకు సాహసింపలేదు.

అయినను ఒక చిక్కు మిగిలినది. కొందరు బిడ్డల తలపై దెబ్బ గుర్తు లేదు, వాపు లేదు, గీత లేదు. లోపల మాత్రము నెత్తురు. తల దేనికిని తగులకుండనే మెదడు గాయపడునా? దీనికి సమాధానము బిడ్డలనుండి గాక, మోటారు ప్రమాదములనుండి వచ్చెను. 1930 లో అవిభక్త భారతదేశపు పంజాబులో జన్మించి, లాహోరులో చదివి, తరువాత అమెరికాలో పనిచేసిన శస్త్రవైద్యుడు అయూబ్ ఒమ్మాయా, వెనుకనుండి బండి గుద్దినప్పుడు మెడ విసురుగా ముందువెనుకలకు ఊగుటవలన కలుగు హానిని కోతులపై పరీక్షించెను. తల ఎక్కడను తగులకున్నను మెదడులో నెత్తురు చిమ్మునని 1968 లో ఆయన బృందము చూపెను.

ఇంగ్లండులోని హల్ నగరపు శస్త్రవైద్యుడు నార్మన్ గుత్కెల్చ్ ఈ రెండు త్రాళ్ళను కలిపి ముడివేసెను. పెద్దల దౌర్జన్యమునకు గురియైనట్లు తేలిన, లేదా గట్టి అనుమానము గల 23 మంది పిల్లలను ఆయన పరిశీలించెను. 13 మందికి మెదడు పైపొర క్రింద నెత్తురు చేరియుండెను. ఆ పదముగ్గురిలో అయిదుగురి తలపై బయటకు ఏ గుర్తును లేదు. కుదుపుటయే కారణము కావచ్చునని 1971 లో ఆయన వ్రాసెను. క్యాఫీ కూడ 1972 లో, 1974 లో అదే మాటను మరింత విపులముగ చెప్పెను. 1956 లో అమెరికాలో ఒక ఆయా తన చేతిలోని బిడ్డలను కుదిపితినని పోలీసులయెదుట ఒప్పుకొనిన ఉదంతమును ఆయన ఉదాహరించెను. ఆమె చేతులలో ముగ్గురు పసివారు ప్రాణములు కోల్పోయిరి. తార్ద్యూ గ్రంథము మొదలుకొని క్యాఫీ వ్యాసము వరకు గణించినచో 114 ఏండ్లు.

ఇంత ఆలస్యమునకు కారణము గాయము కంటికి కనబడకుండుట మాత్రమే కాదు. తల్లిదండ్రుల చేయి బిడ్డకు కీడు చేయునని తలచుటకు మనసొప్పదు. మన ఇండ్లలోను ఆ సంకోచము తక్కువ గాదు. ఇది పాశ్చాత్యుల రోగమని కొందరు త్రోసిపుచ్చవచ్చును. భారతదేశముతో కూడ ఆరు దేశములలో 19 జనసముదాయముల తల్లులను విచారించి 2010 లో ప్రకటించిన ఒక పరిశీలన ఆ భ్రమను తొలగించినది. తొమ్మిది సముదాయములలో నూటికి ఇరువదిమందికి మించి, రెండేండ్లలోపు బిడ్డను కుదిపినట్లు తామే చెప్పిరి. ఎక్కువమందికి అది దోషమని తెలియదు. కొట్టుట తప్పనువారు సైతము కుదుపుటను చిన్న మందలింపుగా భావింతురు.

చిన్నదెందుకు కాదో చూతము. పెద్దవారి శరీరపు బరువులో తల పాలు బహుస్వల్పము. శిశువుకు తల బరువు మొత్తములో పదవ వంతుకు దగ్గరగా నుండును. మెడ కండరములు ఆ బరువును మోయజాలవు. మెదడు నీరు అధికముగా గలిగి, నేతిముద్దవలె మెత్తగా నుండును. మెదడునుండి పుఱ్ఱెకు పోవు సన్నని నెత్తుటి నాళములు వంతెనలవలె చాగియుండును. బలముగా కుదిపినప్పుడు తల ముందువెనుకలకు ఊగి, పుఱ్ఱె యొకవైపు, మెదడొకవైపు కదలును. నాళములు తెగును. మెదడులోని సున్నితమైన తంతువులు సాగి చెడును. కంటి లోపలి పొరలో నెత్తురు చిమ్మును. తరువాత మెదడు వాచును. ఆసుపత్రులకు చేరిన ఇట్టి బిడ్డలలో నలుగురైదుగురిలో ఒకరు మరణింతురని వైద్యుల అనుభవము. బ్రతికినవారిలో పెక్కురకు చూపు మందగించుట, మూర్ఛలు, కాలుసేతులు స్వాధీనము తప్పుట, చదువు అబ్బకుండుట జీవితాంతము వెంటాడును.

ఇది విని తొట్టెల ఊపుటకు భయపడవలదు. జోకొట్టుట, భుజముపై వేసికొని తిరుగుట, మోకాళ్ళపై మెల్లగా ఆడించుట, గతుకుల బాటలో బండిపై పోవుట, వీటివలన ఈ గాయము కలుగదు. స్నానవేళ మన అమ్మమ్మలు పీటపై కూర్చుండి కాళ్ళు చాచి, బిడ్డను కాళ్ళపై పరుండబెట్టి నూనె రాయుదురు. తలకు, మెడకు అరచేయి ఆనియున్నంతవరకు అందును దోషము లేదు. పసికందును కాళ్ళు పట్టి తలక్రిందులుగా వ్రేలాడదీయుట, గాలిలోనికి ఎగురవేయుట మాత్రము మానవలెను. గుక్కపట్టి ఏడ్చిన బిడ్డను ఊపిరి వచ్చుటకై కుదుపు అలవాటును కూడ మానవలెను.

ఇక అసలు ప్రశ్న. తల్లిదండ్రులు రాక్షసులు కారు గదా, ఎందుకు కుదుపుదురు? దీనికి సమాధానము అమెరికా శిశువైద్యుడు బెర్రీ బ్రేజల్టన్ 1962 లో ప్రకటించిన ఒక చిన్న లెక్కలో దొరకును. 80 మంది శిశువుల తల్లులచేత ఆయన దినచర్య వ్రాయించెను. రెండవ వారమునుండి ఏడ్పు పెరుగుచు, ఆరవ వారము నాటికి దినమునకు సుమారు రెండుముప్పావు గంటలకు చేరి, పండ్రెండవ వారము నాటికి బాగుగా తగ్గెను. వారందరును ఆరోగ్యవంతులైన బిడ్డలే. ఆకలి లేదు, జ్వరము లేదు, అయినను సాయంకాలము కాగానే ఏడ్పు. ఆఫ్రికాలోని కలహారి ఎడారి ప్రాంతమున రోజంతయు బిడ్డను ఒడిలో, వీపున మోయుచు, అడిగినప్పుడెల్ల పాలిచ్చు కుంగ్ జాతివారిలో సైతము ఏడ్పు తొలి నెలలలో హెచ్చి తరువాత తగ్గునని 1991 లో రొనాల్డ్ బార్ అను వైద్యుడును ఆయన సహచరులును చూపిరి. అచ్చట ఒక్కొక్క విడత ఏడ్పు మాత్రము పొట్టిగా ఉండెను. కనుక ఆరువారాల ఏడ్పు తల్లి అసమర్థతకు గుర్తు కాదు, బిడ్డ మొండితనమును కాదు. అది పెరుగుదలలో ఒక మజిలీ. కుదుపుడు గాయములు సైతము తొలి నెలలలోనే, ఏడ్పు హెచ్చైన వారములను వెన్నంటి ఎక్కువగా కనబడుచున్నవి.

ఇచ్చట మన ప్రాంతపు ఆచారమును ఒకసారి తలచుకొందము. తొలి కాన్పుకు ఆడపడుచు తల్లిగారింటికి పోవును. పురుడు, ఇరువదియొకటవ దినమున తొట్టెల వేయుట, అన్నియు అచ్చటనే. మూడవ నెలనో, అయిదవ నెలనో బిడ్డతో అత్తవారింటికి తిరిగి వచ్చును. బ్రేజల్టన్ లెక్కను ఈ పద్ధతి ప్రక్కన నుంచి చూడుడు. ఏడ్పు కొండవలె పెరిగి, దిగిపోవు పండ్రెండు వారములును బాలింత ఒంటరిగా లేదు. అమ్మమ్మ ఎత్తుకొనును, పిన్ని జోల పాడును, మేనమామ వాకిట త్రిప్పును. తల్లి కొంత నిద్రపోవును. ఈ ఆచారమును ఏర్పరచిన వారు ఏడ్పు లెక్క గట్టి ఏర్పరచిరని మేము చెప్పము. దానికి వేరు కారణములు పెక్కు కలవు. కాని ఏడ్పు మిక్కుటమైన కాలమున బిడ్డ చుట్టు పలు చేతులుండుట దాని ఫలితములలో ఒకటి.

ఆ చేతులు క్రమక్రమముగా తగ్గుచు వచ్చినవి. కర్మాగారము పెట్టినప్పుడు పలు ప్రాంతములనుండి పనివారు వచ్చి శక్కర్‌నగరు క్వార్టర్లలో ఆలుమగలుగా కాపురముండిరి. చెఱకు నఱకు కాలమున కూలీలు తోటల ప్రక్కన గుడిసెలు వేసికొందురు. తల్లి కత్తి పట్టినప్పుడు పసిబిడ్డ ఎనిమిదేండ్ల అక్క చంకకు ఎక్కును. 1970 ల తరువాత ఈ జిల్లా పురుషులు వేలాదిగా గల్ఫు దేశములకు పోయిరి. ఇంట బీడీలు చుట్టు తల్లి ఒడిలో బిడ్డకు బదులు తునికాకు చాట ఉండవలసి వచ్చినది. వేయి బీడీలకు ఇంత యని కూలి. బిడ్డ ఏడ్చినంతసేపు చేయి ఆగును, చేయి ఆగినంతసేపు కూలి ఆగును. ఈ ఇక్కట్టులో ఓర్పు తెగిన తల్లిని నిందించుట సులభము. ఆమె చేతినుండి కాసేపు బిడ్డను అందుకొనుట అంతకంటె మేలైన పని.

ఏడ్పు ఆపుటకు లోకము పలు ఉపాయములు త్రొక్కినది. బొంబాయి నూలుమిల్లులలో పనిచేసిన తల్లులు బిడ్డలకు నల్లమందు గుళిక మ్రింగించి పనికి పోయెడివారని ఆనాటి శ్రామిక విచారణలు చెప్పుచున్నవి. అది నిద్ర కాదు, విషము. ఈనాడును బిడ్డ నిద్రకై పెద్దల మందులనుగాని, సారాచుక్కనుగాని వాడరాదు. హితమైన ఉపాయములు వేరే కలవు. దినమునకు మరి కొన్ని గంటలు బిడ్డను అదనముగా ఎత్తుకొన్నచో, ఆరవ వారమున ఏడ్పు నూటికి 43 పాళ్ళు తక్కువగా ఉండెనని 1986 లో కెనడాలో హంజికర్, బార్ అను వైద్యులు తేల్చిరి. మన అమ్మమ్మలకు ఈ సంగతి క్రొత్త గాకపోవచ్చును.

అందుచేత ఏడ్చు బిడ్డ యెదుట క్రమమొకటి పాటింతము. ఆకలియా, తడి గుడ్డయా, ఉక్కయా, చీమ కుట్టినదా, బట్ట బిగిసినదా, ఒళ్ళు కాలుచున్నదా యని చూడవలెను. ఎత్తుకొని తిరుగవలెను, జోల పాడవలెను. అయినను ఆగనిచో, మనలో కోపము పొంగుచున్నదని తోచిన క్షణముననే బిడ్డను మరియొకరి చేతికీయవలెను. ఎవరును లేకున్నచో తొట్టెలలోనో, క్రింద చాపపైననో వెల్లకిల పరుండబెట్టి, వాకిటిలోనికి పోయి పది నిమిషములు కూర్చుండవలెను. ముఖము కడుగుకొనవచ్చును, పొరుగింటి అక్కను పిలువవచ్చును. సురక్షితముగా పరుండి పది నిమిషములు ఏడ్చినందువలన ఆరోగ్యముగా నున్న బిడ్డకు హాని లేదు. ఒక్క కుదుపువలన కలుగు హానికి మందు లేదు. ఈ మాట తల్లికి మాత్రమే చెప్పిన చాలదు. పాశ్చాత్య దేశములలో కుదిపినవారిలో తండ్రులు, ఇతర పురుషులు అధికముగా కనబడిరి. తండ్రికి, అత్తగారికి, బిడ్డను మోయు అక్కకు, అందరికిని చెప్పవలెను.

చెప్పుటవలన ఫలమున్నదా? అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రపు పడమటి భాగమున, 1998 చివరనుండి, ప్రసవించిన తల్లికిని తండ్రికిని ఆసుపత్రి వదలకముందే ఈ సంగతి బోధించిరి. అట్టి గాయములు నూటికి 47 పాళ్ళు తగ్గెనని 2005 లో మార్క్ డయాస్ బృందము ప్రకటించెను. పిమ్మట పెన్సిల్వేనియా రాష్ట్రమంతట అదే పద్ధతి నడపగా, గాయములు తగ్గినట్లు కనబడలేదని 2017 లో వారే వెల్లడించిరి. ఒకమారు చెప్పి ఊరకున్నచో చాలదని మేము దీనినుండి గ్రహించుచున్నాము. మాటతోపాటు చేతుల సహాయము కావలెను.

మన దేశమున ఆ సహాయమునకు ఒక మార్గము సిద్ధముగానే యున్నది. 2011 నుండి అమలులోనున్న పద్ధతి ననుసరించి, ఆసుపత్రిలో కాన్పైన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 వ దినములలో ఇంటికి వచ్చి చూడవలెను. నలువదిరెండవ దినమనగా సరిగా ఆరవ వారము, ఏడ్పు శిఖరమెక్కిన వారము. ఆ తరువాత మూడవ నెల వరకు ఆ వరుసలో మరియొక సందర్శనము లేదు. కావున నలువదిరెండవ దినమున బరువు తూచుటతోపాటు, రాత్రి ఎవరు మేలుకొనుచున్నారు, తల్లి నిద్రించుచున్నదా, ఏడ్చినప్పుడు ఎవరికి అందింతురు అను మూడు ప్రశ్నలడిగి, ఇంటివారందరిని కూర్చుండబెట్టి ఈ సంగతి చెప్పుట మేలు. తల్లి కారణము లేక కంట నీరు పెట్టుచున్నను, బిడ్డపై విసుగు మితిమీరినను, 14416 అను టెలీమానస్ నంబరుకు ఫోను చేసి తెలుగుననే సలహా పొందవచ్చును.

కీడు జరిగిపోయిన పిమ్మట గుర్తులు ఇట్లుండును. జ్వరము, విరేచనము లేకయే వాంతులు. పాలు పట్టకుండుట. లేపినను లేవని మగత, లేదా ఎడతెగని మూల్గు. మూర్ఛ. శరీరము కొయ్యబారుట, లేదా వ్రేలబడుట. పాలిపోయి నీలివన్నె తిరుగుట. ఊపిరి అందకుండుట. నడినెత్తి మాడు ఉబ్బి బిగియుట. తొలి నెలలలో, దొర్లుట కూడ నేర్వని బిడ్డ ఒంటిపై కమిలిన మచ్చ. వీటిని గాలి సోకినదని, దిష్టి తగిలినదని తలచి తాయెత్తు కట్టుచు జాము గడుపరాదు. వెంటనే 108 వాహనమును పిలిచి ఆసుపత్రి చేరవలెను. మేల్కొలుపుటకై మరల కుదుపరాదు. జరిగినది జరిగినట్లు వైద్యునితో చెప్పవలెను. దాచిన మాటవలన సరియైన చికిత్సకు ఆలస్యమగును.

ఇరుగుపొరుగువారికి మరియొక మాట. ఈ గుర్తులన్నియు కుదుపువలననే కలుగునని లేదు. విటమిన్ కె కొరతవలన, నెత్తురు గడ్డకట్టని వ్యాధులవలన, కొన్ని అరుదైన పుట్టుకతోడి వ్యాధులవలన, కాన్పు వేళ దెబ్బవలన కూడ మెదడులో నెత్తురు చేరవచ్చును. ఈ వ్యాధికి బాటవేసిన గుత్కెల్చ్ తన వార్ధక్యమున, ఇతర కారణములను శోధింపక తల్లిదండ్రులను దోషులుగ నిర్ణయించుట తగదని హెచ్చరించెను. 2016 లో స్వీడను దేశపు వైద్యపరిశీలక సంస్థ కూడ నిదర్శనముల బలమును ప్రశ్నించెను. అంతకుముందే, 2009 లో, అమెరికా శిశువైద్య సంఘము కుదుపునొక్కదానినే పేర్కొను పాత పేరునకు మారుగా, దౌర్జన్యమువలని శిరోఘాతమను విశాలమైన పేరును సూచించియుండెను. నిర్ణయము స్కానింగు, కంటి పరీక్ష, నెత్తుటి పరీక్షలు చేసిన వైద్యులది. బిడ్డ హింసకు లోనగుచున్నదని నిజముగా అనుమానము కలిగినప్పుడు 1098 నంబరుకు తెలుపుట మన విధి. పిల్లలపట్ల క్రౌర్యమును 2015 బాలల న్యాయచట్టము శిక్షార్హము చేసినది. వీధి అరుగుపై తీర్పు చెప్పుట మన పని గాదు.

నూరేండ్ల శోధన చేసి వైద్యశాస్త్రము కనుగొన్నది చివరకు మిక్కిలి సామాన్యమైన సత్యము. పసిబిడ్డ ఏడ్చును, ఆరవ వారమున మరింత ఏడ్చును, మూడవ నెలకు తగ్గును. ఆ పండ్రెండు వారములు ఒక్క మనిషి మోయగల బరువు కావు. మీ వాడలో క్రొత్తగా తొట్టెల కట్టిన ఇల్లున్నచో, ఈ సాయంకాలము పోయి ఒక అరగంట ఆ బిడ్డను ఎత్తుకొనుడు. ఆ తల్లిని కాసేపు పండుకొనుమనుడు.